స్లో కుక్కర్ 6 క్వార్ట్‌లదా, 8 క్వార్ట్‌లదా? మన వంటకి ఏది కొనాలి?

స్లో కుక్కర్ అంటే సన్నటి వేడి మీద గంటలతరబడి వండే కరెంటు గిన్నె. మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో ఇద్దరు పిల్లలతో నలుగురి సంసారం, ఆలుమగలిద్దరికీ ఉద్యోగాలు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాకే ఇంటికి రావడం. వచ్చేసరికి మటన్ కూరో శనగల కూరో వేడిగా ఉండాలి. 6 క్వార్ట్‌లది తీసుకోవాలా 8దా, బటన్లు ఉన్నదా నాబ్ తిప్పేదా, ఇంట్లో ఉన్న ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో) స్లో కుక్ బటన్ ఉంది కదా అది సరిపోదా, ఇండియాలో అమ్మగారికి ఒకటి పట్టుకెళ్లొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 4 క్వార్ట్‌ల ప్రోగ్రామబుల్ మోడల్, పెట్టిన టైము అయిపోగానే దానంతటదే వార్మ్‌లోకి, అంటే వేడిగా మాత్రమే ఉంచే సెట్టింగ్‌లోకి, మారేది తీసుకోండి. లోపలి గిన్నె సిరామిక్‌ది, నల్లరంగుది. మూత గాజుది, చుట్టూ రబ్బరు లేనిది. 6 క్వార్ట్‌లది నెలలో నాలుగైదుసార్లయినా పది మందికి వండే ఇంటికి. 8 గురించి ఆలోచించకండి. ఇన్‌స్టంట్ పాట్ బటన్ కొంతవరకు పనికొస్తుంది, దాని సంగతి కింద చెబుతాను. ఇండియాకి మాత్రం పట్టుకెళ్లొద్దు.

నలుగురికి 6 క్వార్ట్‌లని ఇక్కడ అందరూ చెప్తారు, నేను 4 అంటున్నాను. ఎందుకో లెక్క చూడండి.

క్వార్ట్ అంటే లీటరుకి కొంచెం తక్కువ, 946 మిల్లీలీటర్లు. 6 క్వార్ట్‌లంటే దాదాపు 5.7 లీటర్లు. స్లో కుక్కర్ గిన్నె కనీసం సగం, ఎక్కువలో ఎక్కువ మూడింట రెండు వంతులు నిండాలి. దీని హీటింగ్ కాయిల్ చాలా మోడళ్లలో అడుగున ఉండదు, గిన్నె చుట్టూ గోడలకి ఉంటుంది. సగంకన్నా తక్కువ పోస్తే ఆ వేడి ఖాళీ గోడకి తగిలి అంచులు మాడతాయి, కూర అనుకున్న టైముకన్నా ముందే ఉడికి చీకిపోతుంది. మరీ నింపేస్తే మధ్యలో వేడెక్కడానికి గంటలు పడుతుంది. అలా మాంసం గోరువెచ్చగా ఎక్కువసేపు ఉండటం ప్రమాదం.

ఇప్పుడు మన కూర కొలవండి. రెండు పౌన్ల మటన్ అంటే దాదాపు 900 గ్రాములు. పెద్ద ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, అల్లంవెల్లుల్లి, ఒక కప్పు నీళ్లు. అన్నీ కలిపితే రెండు లీటర్ల లోపే. 6 క్వార్ట్‌ల గిన్నెలో అది మూడో వంతు. 4 క్వార్ట్‌ల గిన్నెలో సరిగ్గా సగం. అమెరికన్ల వంటలో గిన్నెలోకి మూడు పౌన్ల మాంసం ముక్క పడుతుంది, దాని చుట్టూ బంగాళాదుంపలు, క్యారెట్లు, పైన రసం. అదే భోజనమంతా. మనకి అన్నం వేరే, పప్పు వేరే, వేపుడు వేరే. గిన్నెలోకి వచ్చేది ఒక్క కూర. సైజుల పట్టికలో "నలుగురికి 6" అని ఉండటం తప్పేం కాదు, అది మన కంచాన్ని చూసి రాసింది కాదు, అంతే.

ఒకవేళ ఆదివారం వండి సగం ఫ్రీజర్‌లో పెట్టుకునే అలవాటుంటే, నాలుగు పౌన్ల మాంసం ఒకేసారి వండుతానంటే, అప్పుడు 6 తీసుకోండి. 6 క్వార్ట్‌లది ఇప్పటికే ఇంట్లో ఉంటే కొత్తది కొనక్కర్లేదు కూడా. లోపల పట్టే చిన్న ఓవెన్ గిన్నె, గాజుదైనా స్టీలుదైనా, దించి అందులో కూర పెట్టండి. గిన్నెకీ కుక్కర్ గోడకీ మధ్య ఒక అంగుళం ఎత్తున వేడినీళ్లు పోయండి. మామూలుకన్నా గంట, గంటన్నర ఎక్కువ పడుతుంది, కానీ అంచులు మాడవు.

గుండ్రనిదా, కోలగా ఉన్నదా అంటే: కోడిని, మేక తొడని కోయకుండా పెట్టాలంటే కోలగా ఉన్నది. పులుసులకీ పప్పుధాన్యాలకీ గుండ్రటిది మేలు, వేడి అన్ని వైపులా సమంగా తగులుతుంది. మనం ఎలాగూ ముక్కలు కొట్టించుకుంటాం కాబట్టి గుండ్రటిది దొరికితే అదే.

లో, హై అంటే ఏమిటి

చాలామంది లో అంటే తక్కువ వేడి, హై అంటే ఎక్కువ వేడి అనుకుంటారు. చాలా మోడళ్లలో రెండూ చివరికి దాదాపు ఒకే చోటికి చేరతాయి, నీరు సన్నగా కదిలే వేడికి, అంటే 209 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గరికి. తేడా అంతా ఎంత త్వరగా చేరతాయన్నదే. హైలో మూడు నాలుగు గంటలు, లోలో ఏడెనిమిది. అందుకే హైలో నాలుగు గంటల కూర లోలో ఎనిమిది గంటల కూరతో సమానమని వంటల్లో రాస్తారు. కాబట్టి "లోలోనే ఉంది కదా, పన్నెండు గంటలైనా ఏం కాదు" అనుకోకండి. ఎనిమిది దాటాక అదీ మరుగుతూనే ఉంటుంది. కోడికూర అయితే పీచుపీచుగా విడిపోతుంది.

వార్మ్ అంటే వండే సెట్టింగ్ కాదు. 145 నుంచి 165 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య, ఉడికినదాన్ని పాడవకుండా ఉంచుతుంది. వార్మ్‌లో పచ్చి మాంసం పెట్టడం, ఫ్రిజ్‌లోంచి తీసిన కూరని వార్మ్‌లో వేడి చేయడం రెండూ చేయకూడదు. చల్లారిన కూరని స్టవ్ మీద బాగా మరిగించి ఆ తర్వాత పోస్తే ఫర్వాలేదు.

మీ పది గంటలకి ఇదే జవాబు. లో 7 గంటలు, ఆ తర్వాత వార్మ్ 3 గంటలు. ఈ మారడం దానంతటదే జరగాలంటే ప్రోగ్రామబుల్ కావాలి. నాబ్ ఉన్నది మీరొచ్చి తిప్పేదాకా లోలోనే పది గంటలు మరిగిస్తుంది. పాయాకి అది వరమే, మిగతా వాటికి కాదు. డిలే స్టార్ట్ (కొన్ని గంటల తర్వాత దానంతటదే మొదలయ్యే) సదుపాయం ఉంటే దాన్ని మాంసానికి వాడకండి, పచ్చి మాంసం రెండు గంటలకి మించి బయట ఉండకూడదు.

నాబ్ మోడల్‌కి ఒక్క సుగుణం ఉంది. కరెంటు పోయి వస్తే అది ఆగిన చోటినుంచి మళ్లీ మొదలవుతుంది. డిజిటల్‌వి చాలావరకు ఆరిపోతాయి లేదా గడియారం మిణుకుమంటూ ఉండిపోతాయి. కొన్నాక ఇంట్లోనే చూసుకోండి: నీళ్లు పోసి ఆన్ చేసి, ప్లగ్ తీసి అరనిమిషం ఆగి మళ్లీ పెట్టండి. ఏం చేస్తుందో ఆ ఒక్కసారితో తెలిసిపోతుంది. డిజిటల్‌ది ఆరిపోయి ఉంటే, అది ఎప్పుడు ఆగిందో మీకు తెలియకపోతే ఆ కూర పారేయాల్సిందే, ఉడికినట్టే కనిపించినా సరే. నాబ్‌ది ఇంకోరకం చిక్కు: కరెంటు ఎంతసేపు పోయిందో అది చెప్పదు. మైక్రోవేవ్ గడియారం మిణుకుతూ ఉందేమో చూడండి.

ఇన్‌స్టంట్ పాట్ స్లో కుక్ బటన్

అందులో వేడి అడుగునుంచే వస్తుంది, గిన్నె పల్చటి స్టీలు. లెస్, నార్మల్, మోర్ అని మూడు మెట్లు ఉంటాయి. చాలామంది ‘లో’ బదులు లెస్ నొక్కేసి, ఎనిమిది గంటల తర్వాత ఎముక దగ్గర ఇంకా ఎర్రగా, గట్టిగా ఉన్న ముక్క చూసి "స్లో కుక్ పనిచేయట్లేదు" అంటారు. లెస్ అంటే 180–190 ఫారెన్‌హీట్ డిగ్రీలే. నార్మల్ 190–200. మామూలు స్లో కుక్కర్‌లోని ‘లో’ సెట్టింగ్‌కి దగ్గరగా వచ్చేది మోర్. అది పెట్టి, పైన ప్రెషర్ మూత కాకుండా సరిపోయే గాజు మూత పెట్టండి. మాంసం ముందే స్టవ్ మీద వేడెక్కించి పోయండి. అలా చేస్తే ఫలితం ఫర్వాలేదు. చిక్కటి గ్రేవీ, గోధుమరవ్వ ఉన్నవి మాత్రం అడుగంటుతాయి. నెలకి ఒకటి రెండుసార్లు వాడేటట్టయితే కొత్త కుక్కర్ అవసరమే లేదు, మోర్‌తో సరిపెట్టుకోండి. వారానికి రెండు మూడుసార్లు వాడతాననుకుంటేనే కొనండి. ధర పెద్ద సమస్య కాదు, అది కౌంటర్ మీదా అల్మరాలోనూ ఆక్రమించే చోటే సమస్య.

దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

కొనేముందు ఇది తేలిపోవాలి. మన పల్లెల్లో పిడకల దాలిలో పాలకుండ పెట్టి సాయంత్రందాకా వదిలేస్తారు చూడండి, స్లో కుక్కర్ అదే, కరెంటుది. ఎర్రటి మీగడ కట్టిన పాలు కావాలంటే దాలి, పోపు కావాలంటే పొయ్యి. ఒకదాని పని ఇంకోటి చేయదు.

బాగా వచ్చేవి: ఎముక, నరం, కొవ్వు ఉన్న మాంసం. మేక భుజం, మెడ, కాళ్లు, పాయా. మాంసంలోని గట్టి నరాలు 160 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటాక మెల్లగా కరిగి జిగురుగా మారతాయి, దానికి టైమే కావాలి. మెత్తటి చికెన్ బ్రెస్ట్‌లో కరగడానికి ఏమీ లేదు, అది ఎండిపోతుంది. ఎముకతో ఉన్న కోడి తొడలు లోలో నాలుగైదు గంటలకి అయిపోతాయి, పది గంటలు బయట ఉండేవాళ్లకి కుదరవు. శనివారం వండుకోండి.

హలీం దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఎముకలేని మేకమాంసం రెండు పౌన్లు, గోధుమరవ్వ ఒక కప్పు, బార్లీ పావు కప్పు, శనగపప్పు, మినప్పప్పు, ఎర్ర కందిపప్పు కలిపి పావు కప్పు, నీళ్లు ఆరు కప్పులు. 4 క్వార్ట్‌ల గిన్నెలో సరిగ్గా మూడింట రెండు వంతులొస్తుంది. లోలో ఎనిమిది గంటలు. తర్వాత పప్పుగుత్తితో పావుగంట గట్టిగా మెదపాలి. మిక్సీలో వేస్తే పీచు తెగిపోయి గంజిలా అవుతుంది. నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, నిమ్మరసం చివర్లో. మీ ఇంట్లోవాళ్లకి హైదరాబాద్ రంజాన్ నెల హలీం రుచి తెలిసి ఉంటే, మెదపడంలో బద్ధకిస్తే వెంటనే పట్టేస్తారు.

ఉలవచారుకి సగం పని చేస్తుంది. రాత్రి నానబెట్టిన ఒక కప్పు ఉలవలు, ఎనిమిది కప్పుల వేడినీళ్లు, లోలో తొమ్మిది పది గంటలు. నీళ్లు ముదురు గోధుమరంగులోకి దిగుతాయి. కానీ చిక్కబడవు. మూత పెట్టి ఉన్నంతసేపు ఆవిరి మూతకి తగిలి మళ్లీ కిందికే కారుతుంది. వడకట్టి, చింతపండు కలిపి, వెడల్పు గిన్నెలో స్టవ్ మీద మరిగించి దించుకోవాలి. ఉలవచారు స్లో కుక్కర్‌లో "అయిపోయింది" అని ఎవరైనా అంటే అది ఉలవల కట్టు, చారు కాదు.

నెయ్యి కాచొచ్చు. ఉప్పులేని వెన్న రెండు పౌన్లు, మూత ఓరగా పెట్టి లోలో నాలుగైదు గంటలు, ఇంట్లో ఉన్నప్పుడే. చివర్లో స్టవ్ మీద ఐదు నిమిషాలు పెట్టి నాలుగు కరివేపాకు రెబ్బలు వేస్తేనే మనకి అలవాటైన వాసన వస్తుంది.

పనికిరానివి: అన్నం, చేపల పులుసు, బెండకాయ, వంకాయ ముక్కలు, ఆకుకూరలు. కందిపప్పు ఉడుకుతుంది, కానీ ప్రెషర్ కుక్కర్‌లో పావుగంటలో అయ్యేదానికి ఆరు గంటలెందుకు? గోంగూర మటన్‌లో గోంగూర చివరి అరగంటలో, విడిగా మగ్గించి కలపాలి. ముందే పడితే రంగు చచ్చిపోతుంది.

రాజ్మా విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. పచ్చి ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. బాగా మరిగితే అది పోతుంది. మరిగే వేడికి చేరకుండా 80 సెల్సియస్ డిగ్రీల దగ్గర నిలిచిపోతే పచ్చిగింజకన్నా ఐదు రెట్ల దాకా ఎక్కువ కావచ్చు. నాలుగైదు గింజలు చాలు, రెండు మూడు గంటల్లో విపరీతమైన వాంతులు మొదలవుతాయి. అందుకని: కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో స్టవ్ మీద అరగంట తెర్లనిచ్చి, ఆ నీళ్లు కూడా పారబోసి, అప్పుడు స్లో కుక్కర్‌లోకి. డబ్బా రాజ్మా అయితే ఈ గొడవ లేదు, అది ముందే ఉడికింది. శనగలు, అలసందలకి అంత భయం లేదు, నానబెట్టి పది నిమిషాలు మరిగించి వేస్తే చాలు. చిత్రమేమిటంటే ఈ పరికరం మొదట పుట్టిందే చిక్కుడు జాతి గింజలు ఉడికించడానికి. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన గింజలు వండే కుండగా తయారుచేసి 1940లో పేటెంట్ తీసుకున్నాడు. రైవల్ కంపెనీ దాన్ని కొనేసి 1971లో క్రాక్-పాట్ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. 1974లో గిన్నె విడిగా ఊడివచ్చేలా చేశాక కడగడం సుళువైంది.

శనగలు ఎనిమిది గంటలైనా గట్టిగానే ఉన్నాయంటే మూడు కారణాలు: చింతపండు, టమాటా ముందే వేశారు. నీళ్లలో సున్నం ఎక్కువ. లేదా గింజలు అల్మరాలో రెండేళ్లుగా ఉన్నాయి. మొదటిదానికి మందు, పులుపు చివరి గంటలో వేయడం. రెండోదానికి నానబెట్టే నీళ్లలో చిటికెడు వంటసోడా. మూడోదానికి మందు లేదు.

మటన్ కూర, పొద్దున ఎనిమిదింటికి వెళ్లేవాళ్ల లెక్కలో

రాత్రి: ఉల్లిపాయలు సన్నగా తరిగి నాలుగు చెంచాల నూనెలో ఎర్రగా వేయించండి. అల్లంవెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా, తర్వాత పసుపు, కారం, ధనియాలపొడి అరనిమిషం, టమాటా వేసి నూనె తేలేదాకా. ఈ మసాలా చల్లార్చి ఒక డబ్బాలో, మాంసం ఇంకో డబ్బాలో, రెండూ ఫ్రిజ్‌లో. కుక్కర్ గిన్నెలోనే అన్నీ వేసి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. సిరామిక్ గిన్నె మందం ఎక్కువ, చల్లబడితే వేడెక్కడానికే రెండు గంటలు తినేస్తుంది. చల్లటి గిన్నెని వేడి బేస్‌లో పెడితే పగిలే ప్రమాదం కూడా.

పొద్దున: మసాలా, మాంసం పెద్ద మూకుడులో ఐదారు నిమిషాలు, ముక్క రంగు మారేదాకా. కెటిల్‌లో కాగిన నీళ్లు ఒక కప్పు, అంతకన్నా వద్దు. మాంసం తన నీళ్లు తను వదులుతుంది, ఆవిరి బయటికి పోదు. స్టవ్ మీద పోసే నీళ్లలో సగం చాలు. గిన్నెలోకి మార్చి, మూత పెట్టి, లో 7.

గడ్డకట్టిన మాంసం ఎప్పుడూ వేయకండి. ముందు రోజే ఫ్రిజ్ కింది అరలోకి దించి కరగనివ్వాలి.

సాయంత్రం: పైన తేలిన కొవ్వు కావాలంటే తీసేయండి. గ్రేవీ పల్చగా అనిపిస్తే మూత తీసి హైలో అరగంట పెడతారు కొందరు, కానీ దానితో పెద్దగా ఇంకదు. గ్రేవీని మూకుడులోకి వంచి పెద్ద మంట మీద ఐదు నిమిషాలు మరిగించి మళ్లీ కలపడం మేలు. గరంమసాలా, కొత్తిమీర ఇప్పుడే. కొబ్బరిపాలు, పెరుగు వేసే కూరైతే అవీ ఇప్పుడే, ముందు వేస్తే విరిగిపోతాయి.

ఇందులో మనవాళ్లు ఎక్కువగా తప్పేది వేయించే దగ్గర. "అన్నీ వేసి బటన్ నొక్కేస్తే చాలు" అని వీడియోల్లో చూసి పచ్చి ఉల్లిపాయ, పచ్చి కారం వేసేస్తారు. లోపలి వేడి, నీరు మరిగే వేడిని దాటదు, ఉల్లిపాయ ఎర్రబడటానికి అది చాలదు. ఎనిమిది గంటల తర్వాత కూరలో ఆసుపత్రి సూపు వాసన వస్తుంది. ఇంకోటి లవంగం, చెక్క, యాలక్కాయ. ఇన్ని గంటలు నానితే అవి రెట్టింపు ఘాటు దించుతాయి. మామూలుగా నాలుగు లవంగాలు వేస్తే ఇందులో రెండే.

మధ్యలో ఇంట్లో ఎవరైనా ఉంటే మూత తీసి చూడొద్దని చెప్పండి. ఒకసారి తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది.

షాపులో చూడాల్సినవి

గిన్నె లోపలి రంగు. తెల్లది, క్రీమ్ రంగుది ఫోటోలో బాగుంటుంది, రెండు నెలల్లో పసుపు చారలు పడుతుంది. వంటసోడా ముద్ద పట్టించి రాత్రంతా ఉంచితే కొంత పోతుంది, పూర్తిగా పోదు. అందుకే నల్లది.

మూత. బయటికి తీసుకెళ్లడానికి క్లిప్పులు, చుట్టూ రబ్బరు ఉన్న మూతలు వస్తున్నాయి. ఆ క్లిప్పులు కారులో ఒలక్కుండా ఉండటానికే, వండేటప్పుడు బిగించకూడదు. ఆవిరి పోయే దారి ఉండాలి. రబ్బరుకి మసాలా వాసన పట్టి మరుసటివారం పాయసంలో తేలుతుంది. మామూలు గాజు మూత పెట్టి చూడండి, గిన్నె అంచు మీద ఎత్తుపల్లాలు లేకుండా కూర్చోవాలి. ఊగితే ఆ పెట్టె వదిలేసి ఇంకోటి తెరిపించండి.

గిన్నె అంచులు వేలితో తడిమి చూడండి, పెచ్చు లేచి ఉండకూడదు. పెట్టె మీదో బేస్ అడుగునో యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు (కరెంటు భద్రత పరీక్షలో నెగ్గిందని చెప్పే ముద్ర) ఉండాలి. గ్యారేజ్ సేల్‌లో ఐదు డాలర్లకి వచ్చే దశాబ్దాల నాటివి వద్దు. గ్లేజ్ (గిన్నె మీది మెరిసే పూత) మీద సాలెగూడులా సన్నటి పగుళ్లు ఉన్న గిన్నెలో చింతపండు పులుసు ఎనిమిది గంటలు పెట్టడం మంచిది కాదు. పైగా గిన్నె ఒక్కటే పగిలితే విడిగా కొనే ధర కొత్త కుక్కర్‌కి దగ్గర్లోనే ఉంటుంది.

స్టవ్ మీద పెట్టదగ్గ లోహపు గిన్నె ఉన్న మోడళ్లు కూడా ఉన్నాయి, అందులోనే వేయించి అందులోనే ఉడికించొచ్చు. ఒక గిన్నె కడగడం తప్పుతుంది. కానీ నాన్‌స్టిక్ పూత మీద మన గరిటెలు, పప్పుగుత్తి ఎన్నాళ్లు నిలుస్తాయో మీరే ఆలోచించుకోండి. మీరు హలీం వండేవాళ్లయితే సిరామికే.

వైఫై, ఫోన్ యాప్, మాంసంలో గుచ్చే థర్మామీటర్ వీటికి డబ్బు పెట్టకండి. ఎముకలతో ఉన్న చిన్న ముక్కల కూరలో ఆ సూది గుచ్చడానికి చోటే ఉండదు.

తెచ్చాక మొదటి పని నీళ్ల పరీక్ష. గిన్నె సగానికి పైగా కుళాయి నీళ్లు పోసి, మూత పెట్టి, లోలో 8 గంటలు ఉంచండి. మూత తీసిన వెంటనే వంట థర్మామీటర్ పెట్టి చూడండి, ఆలస్యం చేస్తే వేడి పడిపోతుంది. 185 నుంచి 200 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటే బాగుంది. 185 కన్నా తక్కువైతే వెంటనే తిరిగిచ్చేయండి, అది మాంసాన్ని సమయానికి ప్రమాదం దాటించదు. 200 దాటితే భయమేం లేదు, ఈమధ్య వచ్చేవి పైన చెప్పిన 209 దాకా కొంచెం వేడిగానే వెళ్తున్నాయి. వంటల్లో రాసిన టైముకి గంట తగ్గించుకోండి. మొదటిసారి కొంచెం కాలిన వాసన వస్తుంది, తయారీలో పూసిన నూనె అది, పోతుంది.

పెట్టే చోటు గురించి. గోడకి, పై అల్మరాకి ఆరంగుళాల ఎడం ఉండాలి. వైరు కావాలనే పొట్టిగా ఇస్తారు, ఎక్స్‌టెన్షన్ తగిలించకండి. చిమ్నీ ఉంది కదా అని స్టవ్ మీద పెట్టడం ఇంకా తప్పు, పొరపాటున పొయ్యి నాబ్ తిరిగితే చాలు. చలికోట్లకి మసాలా వాసన పడుతుందని కొందరు గ్యారేజ్‌లో పెడతారు. వేసవిలో సరే, న్యూజెర్సీ జనవరి చలిలో అక్కడ వేడెక్కడానికి చాలా ఆలస్యమవుతుంది. దానికన్నా కోట్ల అల్మరా తలుపు వేసుకుని వెళ్లండి.

కరెంటు ఖర్చు మీరు అడగలేదు కానీ అందరికీ వచ్చే అనుమానమే. 4 క్వార్ట్‌లది సుమారు 200 వాట్లు లాగుతుంది. ఎనిమిది గంటలకి సుమారు 1.6 యూనిట్లు.

ఇక అమ్మగారి సంగతి. ఇక్కడివి 120 వోల్టులకి చేసినవి, అక్కడ 230. నేరుగా పెడితే దాదాపు నాలుగింతల పవర్ లాగి కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీ మార్చదు. వోల్టేజీ తగ్గించే 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ అది ఇటుకంత బరువుంటుంది, రోజూ ఎనిమిది గంటలు వేడెక్కుతూ హోరుమంటూ ఉంటుంది. ఆ వయసులో ఆవిడకి ఆ తలనొప్పి ఎందుకు? అక్కడే ఆన్‌లైన్‌లో 230 వోల్టుల సిరామిక్ గిన్నెది దొరుకుతుంది. ఆవిడకి మాత్రం నాబ్ ఉన్నదే కొనండి, కరెంటు పోయి వచ్చినా మళ్లీ దానంతటదే అందుకుంటుంది. ఆవిడ ఇంట్లోనే ఉంటారు కాబట్టి టైమర్ అవసరం కూడా లేదు. ఇద్దరికో ముగ్గురికో అయితే రెండున్నర, మూడు లీటర్లది సరిపోతుంది.